చేతిపని శాక్సఫోను – కృత్రిమ రీడు

బెంగుళూరు నగరమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెండ్లి జరుగునపుడు ముహూర్తవేళ పందిరిలో వినబడు మంగళధ్వని కొన్ని దశాబ్దములుగా మారుచు వచ్చినది. మన తాతలనాడు సన్నాయియు డోలును లేనిదే పెండ్లి పెండ్లి కాదు. నేడు పెక్కు పందిళ్ళలో అదే తావున, అదే పట్టుపంచెతో కూర్చున్న విద్వాంసుని చేతిలో బంగారువన్నె ఇత్తడి శాక్సఫోను కానవచ్చుచున్నది. దీనిని చూచి పెద్దలు కొందఱు నిట్టూర్చుదురు, పిల్లలు ముచ్చటపడుదురు. ఈ రెండు భావములలో దేనిని ఖండించుటయు మా ఉద్దేశము కాదు. వాద్యము వచ్చినది, నిలిచినది. ఇక విమర్శకుని పని దాని రాకకు వగచుట కాదు. దాని నాదమును విచారించుట.

ఈ విచారణకు నిమిత్తమైన సంగతి యొకటి మన సంఘమునందే జరిగినది. శాక్సఫోను నేర్చుచున్న ఒక విద్యార్థినికి వాద్యమును బహూకరింపవలెనని సభ్యులు కొందఱు తలపెట్టిరి. ఆమె తాతగారు చిత్తూరు ప్రాంతమునుండి వచ్చి, ఈ నగరపు దేవాలయములలో సన్నాయి వాయించి కుటుంబమును పోషించినవారు. తలంపు శ్లాఘ్యమైనది. కాని చర్చలో రెండు మాటలు పుట్టినవి. ఇచ్చునది విదేశమున చేతిపనితో తయారైన మేలి వాద్యమే కావలెననునది మొదటిది. ఆ వాద్యముపై కృత్రిమ రీడు, అనగా ప్లాస్టిక్ రీడు, వాడరాదనియు, అది శాస్త్రీయ సంగీతమునకు తగదనియు రెండవది. మొదటి మాటలో గౌరవము కలదు. రెండవ మాటలో శంక కలదు. ఆ గౌరవమును ఆ శంకయు తగిన చోటనే నిలిచినవా యనునదే మా ప్రశ్న.

ముందుగా వాద్యమును గూర్చి నాలుగు మాటలు. 1814లో బెల్జియము దేశపు దినాన్ పట్టణమున జన్మించిన అడాల్ఫ్ సాక్స్ అను వాద్యశిల్పి 1846లో పారిస్ నగరమున ఈ వాద్యమునకు పేటెంటు పొందెను. దీని శరీరము ఇత్తడిదే యైనను, నోటియొద్ద ఒంటి రీడు కంపించుటచే నాదము పుట్టును గనుక పాశ్చాత్యులు దీనిని కొయ్యవాద్యముల వర్గమునందే చేర్చిరి. సైనికుల బ్యాండులలో వ్యాపించిన ఈ వాద్యము మైసూరు రాజాస్థానపు బ్యాండులోనికిని వచ్చినది. ఆ బ్యాండులో దానిని విని మనసు పడిన బాలుడే పిమ్మట కద్రి గోపాల్‌నాథ్ అను పేర లోకప్రసిద్ధుడయ్యెను. 1949లో దక్షిణ కన్నడ మండలమున జన్మించిన ఆయన తండ్రి నాదస్వర విద్వాంసులు. 1994లో లండను నగరపు బి.బి.సి. ప్రొమెనేడు కచేరీలలో వాయించి, 2004లో పద్మశ్రీ బిరుదమును పొంది, 2019 అక్టోబరులో ఆయన కీర్తిశేషులైరి. కన్నడ సీమలో నేడు శాక్సఫోను మంగళవాద్యముగా చెల్లుబాటగుచున్నదన్న, ఆ ఘనతలో పెద్దపాలు ఆయనదే.

ఇక చేతిపని యనగా నేమి? ఇత్తడి రేకును కత్తిరించి, ఉక్కు అచ్చుపై చుట్టి, అతుకు వేసి, సుత్తితో కొట్టి శంఖాకారమైన గొట్టముగా తీర్చుదురు. ఆ గొట్టపు గోడనుండియే రంధ్రముల అంచులను పైకి లాగుదురు. ఇరువదికి మించిన ఆ రంధ్రములపై మీటలను అమర్చి, ఒక్కొక్క మీటక్రింద తోలుబిళ్ళ గాలి చొరకుండ కూర్చొనునట్లు సరిచేయుదురు. మేలి వాద్యములలో సుత్తిపనియు బిళ్ళల కూర్పును అనుభవజ్ఞుల చేతులమీదుగనే జరుగును. పారిస్ సెల్మర్ సంస్థ 1954లో వెలువరించిన మార్క్ సిక్స్ అను నమూనాను నేటికిని విద్వాంసులు వెదకి వెదకి కొనుచున్నారన్న, ఆ పనితనమునకు గల ప్రతిష్ఠ తెలియుచున్నది.

అయితే ఇందొక మెలిక కలదు. గాలివాద్యములయందు గోడ ఏ లోహముతో చేయబడినదను దానికంటె, గొట్టపు లోపలి ఆకారమును రంధ్రముల తావును పరిమాణమును నాదమును ఎక్కువగా నిర్ణయించునని ధ్వనిశాస్త్రజ్ఞుల పరిశీలనలు తెలుపుచున్నవి. అనగా చేతిపని ఫలము లోహపు మహిమలో లేదు. కూర్పు యొక్క ఖచ్చితములో ఉన్నది. బిళ్ళ గాలి విడువనిచో మంద్రస్థాయి స్వరము తడబడక పలుకును. మీట తేలికగా కదలినచో వ్రేలు శీఘ్రకాలమును అందుకొనును. వాదకునికి తన వాద్యముపై కలుగు విశ్వాసమే చేతిపని యిచ్చు వరము. అది చిన్నవరము కాదు. కాని అది రాగమును పలికించునది కాదు.

రాగమును పలికించు చోటును కనుగొనుటకు సన్నాయిని ఒక్కసారి తలచుకొనవలెను. నాదస్వరమునకు వ్రేళ్ళాడు రంధ్రములు ఏడు. వాటికి మీటలు లేవు. విద్వాంసుని వ్రేలి కండయే రంధ్రమును మూయును, సగము మూయును, అంచున జాఱును. మన ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, తమిళుల మన్ననను పొందిన షేక్ చిన మౌలానాగారి (1924–1999) వాదనమును విన్నవారికి ఆ జాఱుడులోని సౌఖ్యము వేరుగ చెప్పనక్కఱలేదు. శాక్సఫోనులో ఆ సౌలభ్యము లేదు. వ్రేలికిని రంధ్రమునకును నడుమ మీటయు బిళ్ళయు అడ్డు నిలిచినవి. మీట యనునది తెఱచుటకును మూయుటకును పుట్టినదే కాని జాఱుటకు పుట్టినది కాదు. పాశ్చాత్యునికి అది లోపము కాదు. అతనికి మెట్లవలె విడివిడిగా నిలిచిన స్వరములు కావలెను. మనకు మెట్టునకును మెట్టునకును నడుమనున్న దారి కావలెను.

అట్లయిన ఆ దారి శాక్సఫోనులో ఎక్కడనుండి వచ్చుచున్నది? వ్రేలు చేయలేని పనిని పెదవి చేయుచున్నది. క్రింది పెదవి రీడును నొక్కు బిగువును, దవడ సడలింపును, గొంతులోని ఆకారమును మార్చుచు వాదకుడు స్వరమును వంచుచున్నాడు. తోడి గాంధారపు కంపితమైనను, భైరవిలోని ఊగిసలాటయైనను, ఆ సన్నని రీడు అంచున పుట్టవలసినదే. కావున కర్ణాటక సంగీతమునందు శాక్సఫోను యొక్క ప్రాణస్థానము మెఱయు ఇత్తడి కాదు, వెండ్రుకవలె పలుచనైన రీడు కొన. మనము గౌరవమునంతయు ఇత్తడికి సమర్పించి, రీడును చిల్లర ఖర్చుగా నెంచుట పొరపాటు.

సహజమైన రీడు వెదురువలె కణుపులు గల ఒక గడ్డిజాతి మొక్క కాడనుండి వచ్చును. దక్షిణ ఫ్రాన్సులోని వార్ సీమ దీనికి పేరుపడినది. కాడను కోసి, నెలల తరబడి ఎండబెట్టి, చీల్చి, కొనవైపు మిల్లీమీటరులో పదియవ వంతు మందము వచ్చువఱకు చెక్కుదురు. కాడలోని నారలు నిలువుగ సాగియుండుటచే అది పొడవున బిగువుగను, అడ్డముగ మెత్తగను ఉండును. నోటి తడి తగిలినపుడు అది పదునుపడి కంపించును. కాని అది ఒకప్పుడు ప్రాణముగల మొక్క యగుటచే ఏ రెండును ఒక్కతీరుగ నుండవు. పది రీడుల పెట్టె విప్పిన, కచేరీకి పనికివచ్చునవి మూడో నాలుగో అని వాదకులు చెప్పుకొనుట పరిపాటి. సముద్రమట్టమునకు దాదాపు తొమ్మిదివందల మీటర్ల యెత్తుననున్న మన బెంగుళూరులో మాఘ ఫాల్గుణముల పొడిగాలికి అది వంకరపోవును, వానకారున ఉబ్బును.

కృత్రిమ రీడు ఈ చపలత్వమునకు సమాధానముగ పుట్టినది. ప్లాస్టిక్ రీడులు గత శతాబ్దమధ్యమునుండియే కలవు గాని, వాటి నాదము బిరుసుగా నుండెనన్న అపవాదు చిరకాలము నిలిచినది. నేడు మన పెద్దలు చూపు శంక చాలవఱకు ఆ పాతకాలపు శంకయే. 1998లో కెనడాలో స్థాపింపబడిన లెజేర్ సంస్థ పాలీప్రొపిలీన్ అను పదార్థమును సాగదీసి, దానిలోని అణువుల వరుసలు నిలువుగ ఒఱగునట్లు చేసి, కాడలోని నారల గుణమును అనుకరించుటకు యత్నించినది. దీనిని తడుపనక్కఱలేదు; ఇది వంకరపోదు; నెలల తరబడి నిలుచును. దీని వెల ఒక్కటి యించుమించు పది సహజ రీడుల పెట్టె వెలకు సమీపమున నుండును. వాయించుకొలది ఇదియు కొంత మెత్తబడును. మార్చి మార్చి విశ్రాంతి యీయవలెను. నిర్జీవమనుకొన్న దానికిని అలసట కలదన్నమాట.

మాటలతో తేలని దానిని చెవితో తేల్చుకొందమని, మల్లేశ్వరమున ఒక మిత్రుని యింట మేము కొందఱము కూడితిమి. పెండ్లి కచేరీలతో జీవించు ఒక విద్వాంసుడు మా కోరికపై తెరచాటున కూర్చుండెను. రెండు వాద్యములు: ఒకటి చేతిపని గల పాత ఫ్రెంచి వాద్యము, రెండవది యంత్రశాలలో తయారైన సామాన్యపు వాద్యము. రీడులు రెండు తెగలు. ఏ రీడును ఏ వాద్యముపై వాయించుచున్నదియు ఆయన మాకు చెప్పలేదు. మేము కాగితములపై వ్రాసికొంటిమి.

ఫలితమును దాచక చెప్పుట ధర్మము. ఒక మోహనమును విని, ఇది తప్పక చేతిపని వాద్యము, సహజమైన రీడు అని మేము నిశ్చయముగ వ్రాసితిమి. తెర తొలగించి చూచినచో అది యంత్రశాల వాద్యము, కృత్రిమ రీడు! మేము నవ్వుకొంటిమి, కొంత సిగ్గుపడితిమి. అన్నిటిలో అధమముగ తోచినది చేతిపని వాద్యముపై అలసిన సహజ రీడు: ఊపిరి చప్పుడే ఎక్కువగ వినబడినది. ఎంతటి మేలి వాద్యమైనను చెడిన రీడును కాపాడజాలదు. మంచి రీడు మాత్రము సామాన్యపు వాద్యమును చాలవఱకు కాపాడినది.

అంతమాత్రమున భేదమే లేదనుట సత్యము కాదు. విలంబకాలమున తోడి ఆలాపన జరిగినపుడు కొత్త సహజ రీడును మేము మువ్వురమును గుర్తించితిమి. గాంధారము మీద పెదవి సడలినపుడు ఆ రీడు లొంగి, మరల తన చోటికి వచ్చుటలో ఒక క్షణము ఆలస్యము చేసినది. ఆ ఆలస్యమునందే మనవారు తడి యనునది కలదు. కృత్రిమ రీడు లొంగినది గాని వెంటనే తిరిగివచ్చినది. ఆ చుఱుకుదనము మోహనపు చిట్టస్వరములలో సొంపుగ నుండెను. తోడిలో కొంచెము తొందరగ తోచినది. భేదము మంచిచెడ్డలది కాదు, లొంగి తిరిగివచ్చు కాలమునకు సంబంధించినది. విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న రీడు ఏ పదార్థముతో చేయబడినదని కాదు. ఈ రాగమునకు, ఈ కాలమునకు ఎట్లు లొంగినదని.

మన తెలుగువారికి ఇందు వేఱొక పట్టింపు కలదు. శాక్సఫోనుపై వినబడు కృతులలో త్యాగరాజస్వామివి ఎన్నో! అవి తెనుగు మాటలు. వాదకునికి నోట మాట లేదు. నాలుక కొనతో రీడును తాకి అక్షరమును సూచించుటయే గతి. నాదస్వర సంప్రదాయమున దీనిని తుత్తుకారమందురు. ద్విత్వాక్షరముపై నాలుక గట్టిగ తగులవలెను. దీర్ఘముపై తగులక సాగనీయవలెను. పదమును పదమధ్యమున విఱువరాదు. సాహిత్యమెఱిగిన వాదకుడు వాయించినచో మాట లేకయే మాట వినబడును. ఎఱుగనివాడు వాయించినచో స్వరములు మిగులును, తెనుగు మాయమగును. ఏ రీడైనను నాలుకకు వెంటనే బదులు పలికినపుడే ఈ పని సాగును. ఈ విషయమున మంచి కృత్రిమ రీడు వెనుకబడియుండుట మాకు కానరాలేదు. కన్నడ దేశమున పుట్టి, ఇంట మాత్రమే తెలుగు వినుచున్న మన పిల్లలకు ఆ భాష ఒక ఇత్తడి గొట్టమునుండి వినబడుచున్నదన్న, అది ఆ రీడు అంచున నిలిచియున్నదని మఱువరాదు.

కృత్రిమమనగానే ముఖము చిట్లించువారికి కొన్ని సంగతులు జ్ఞప్తి చేయుచున్నాము. మన ఆంధ్రులకు ఫిడేలనగానే స్ఫురించు ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో జన్మించినది ఈ బెంగుళూరులోనే. ఆయన చేతిలో వెలిగినది ఐరోపా వాద్యము. ఒకప్పుడు నరపు తీగెలతో మ్రోగిన ఆ ఫిడేలు నేడు ఉక్కు తీగెలతోను, కృత్రిమపు దారము గర్భముగ గల తీగెలతోను మ్రోగుచున్నది. అందుచే ఫిడేలు మైలపడినదని ఎవ్వరును అనుటలేదు. పాలకొల్లులో 1969లో జన్మించి 2014లో అస్తమించిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, జంట తీగెలను విడిచి ఐదు ఒంటి తీగెలను అమర్చుకొనెను. గమకమునకు దారి అట్లు దొరికినది. ఈ నగరమునకే చెందిన ఇంజనీరు కె. వరదరంగన్ చర్మమునకు బదులు కృత్రిమపు మూతలతో మృదంగమును నిర్మించిరి. ఇందు ఏది నిలుచునో చెవి తేల్చును. పుట్టుకనుబట్టి తీర్పు చెప్పినచో శాక్సఫోనునకే మన పందిరిలో చోటుండెడిది కాదు.

అయినను సహజ రీడు పక్షమున ఒక బలమైన వాదము కలదు. దానిని మేము తేలికగ చూడము. కావేరీతీరమున తిరువావడుదురై గ్రామము నాదస్వరపు పీకల తయారీకి పేరుపడినది. విద్వాంసుడు తన వాద్యమునకు దారముతో నాలుగైదు పీకలను వ్రేలాడగట్టుకొని, ఒక్కొక్కదాని స్వభావము నెఱిగి వాడుకొనును. పీకను ఎన్నుట, సాదుట, విశ్రమింపజేయుట అతని విద్యలో భాగము. శాక్సఫోను వాదకుడును సహజ రీడును గీకి దిద్దుకొనుచు, తన నాదము తన చేతిలో నున్నదని నేర్చుకొనును. కృత్రిమ రీడు ఆ శ్రమను తప్పించును. శ్రమతోబాటు ఆ శిక్షణయు తప్పిపోవును. అన్నియు ఒక్కతీరుగ పలుకు రీడుపైనే విద్య నారంభించిన శిష్యునికి, నాదము వెదకుకొనవలసిన వస్తువని తెలియక పోవచ్చును. ఈ నష్టము చెవికి వెంటనే వినబడదు, పదియేండ్లకు వినబడును.

తెరచాటున వాయించిన విద్వాంసుని మేము తుదకు ఈ మాటయే అడిగితిమి. ఆయన నవ్వి యిట్లనెను: “అయ్యా, ఇంట్లో సాధన చేసేటప్పుడు నేను కాడ రీడే వాడతానండి. అది నాకు పాఠం చెబుతుంది. పెళ్ళికి మాత్రం రెండోదే. తెల్లవారుజామున చలిలో కూర్చుని, మధ్యాహ్నం దాకా వాయించాలి. మాంగల్యధారణ వేళకు రీడు పలకకపోతే రీడును ఎవరూ అనరండి, నన్నే అంటారు.” ఈ మాటలో మా విమర్శయంతయు ఇమిడియున్నది. సాధనకు లొంగని గురువు కావలెను. జీవనమునకు నమ్మదగిన తోడు కావలెను. పందిరిలో కూర్చుండి భోజనమునకు లేచిపోవు మనము, మూడు గంటలు ఊపిరిపట్టి వాయించువాని తోడును ఆక్షేపించుట న్యాయము కాదు.

కావున సంఘమునకు మా మనవి యిది. ఆ విద్యార్థినికి లక్షల వెలగల చేతిపని వాద్యము నిచ్చి, ఫలకముపై దాతల పేర్లు చెక్కించి, చాయాచిత్రము తీయించుకొని ఊరకుండుటకంటె, బిళ్ళలు గాలి విడువని ఒక మంచి సామాన్యపు వాద్యమును ఇత్తము. మిగిలిన ధనమును మూడేండ్లపాటు ఆమె రీడులకును, ఏటేట వాద్యము మరమ్మతునకును, అన్నిటికంటె ముఖ్యముగ సాహిత్యము చెప్పగల తెలుగు గురువుయొద్ద శిక్షణకును వినియోగింతము. తొలి యేండ్లలో సహజ రీడుపైనే సాధన చేయమని కోరవచ్చును. కచేరీలో ఏది వాడవలెనో ఆమె చెవికే విడువవలెను. చేతిపని వాద్యమునకు ఆమె తగినదైననాడు, ఆ వాద్యము ఎట్లును ఆమెను వెదకుకొనును.

చేతిపనిని మేము తక్కువ చేయుటలేదు. వాద్యశిల్పి సుత్తి దెబ్బ ఒక్కసారి పడును. వాదకుని పెదవిపని ప్రతిదినము జరుగవలెను. మన గౌరవము మొదటి చేతికి చెందినంత రెండవ పెదవికిని చెందవలెను. ఆ తాతగారి సన్నాయి ఇప్పుడు ఆ యింట గోడకు వ్రేలాడుచున్నది. మనుమరాలు ఇత్తడి వాద్యముపై ఏ రీడుతోనైన సరే, తోడి గాంధారమును ఆయన విని తల యూపునట్లు పలికించిననాడు, ఏది సహజము, ఏది కృత్రిమము అను మన తగవు దానంతట అదియే తీరిపోవునని మా నమ్మకము.